గట్టును పట్టి నిలుపు గరిక



చేలోని గరికను త్రవ్వి త్రవ్వి విసిగిన మీకు “గరికను నాటుడు” అని చెప్పుట వింతగా తోచవచ్చును. చేలో గరిక శత్రువే, సందేహము లేదు. కాని గట్టుమీదను, చెరువుకట్ట వెనుకవాలు మీదను దానికి సాటివచ్చు కాపరి మరొకటి అరుదు.

దీని బలమంతయు ప్రాకుటలో ఉన్నది. నేలపై తీగ సాగి కణుపు కణుపునకు వేరు దించును. భూమిలోపల మరియొక కాండము ప్రాకి మట్టిని అల్లి పట్టును. వేసవిలో పైఆకు మాడినను లోపలి కాండము చావదు. వాన పడగానే చిగిర్చును. చినుకు నేరుగా మట్టిని కొట్టదు, వాలున జారు నీటి వడియు తగ్గును.

ఇటీవల పలువురు కోతకూలి మిగులునని గట్లపై కూడ గ్లైఫోసేట్ వంటి గడ్డిమందు కొట్టుచున్నారు. ఆ మందు గరికను వేళ్ళదాక చంపును, గట్టు బోడియగును. పెద్దవాన వచ్చినపుడు ఆ మట్టి కాలువలోనికి జారి, గట్టు సన్నబడి గండి పడును. కోతకూలి మిగిల్చి గండి పూడ్చుకూలి పెట్టుట ఏమి లాభము?

తొలకరి వానలకు గట్టు బాగుగా తడిసిన పిమ్మట నాటవలెను. ముదురు తీగలను మూడు నాలుగు కణుపులుండునట్లు త్రుంచుకొనుడు. వాలునకు అడ్డముగా జానెడు ఎడమున చిన్న చాళ్ళు తీసి, ముక్కలు పరచి, ఒక కొస పైకి కనుపించునట్లు మట్టి కప్పి కాలితో అదుముడు. చాళ్ళను నిలువుగా తీయరాదు. అవియే నీటికి దారులగును. వాలు నిటారుగానున్నచో పచ్చికను మట్టితో సహా పలకలుగా కోసి తెచ్చి పరచి, వెదురుమేకులు దిగగొట్టుట మేలు. పేడనీళ్ళు చల్లిన త్వరగా అందుకొనును. గరిక అల్లుకొనువరకు పశువులను రానీయకుడు. అన్నిటికంటె కష్టమైన పని ఇదియే. ఊరిలో చాటింపు వేయించిన గాని జరుగదు.

గ్రామాధికారులకు ఒక మాట. తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద అనేక చెరువుల పూడిక తీసి కట్టలను బలపరచిరి. కట్టపై క్రొత్త మట్టి పోసినపుడెల్ల వెనుకవాలున గరిక వేయింపవలెను. అచట తుమ్మను, సర్కారుతుమ్మను పెరుగనీయరాదు. గరిక నీడకు ఓర్వదు. అంతేగాక చెట్టు చచ్చి వేళ్ళు కుళ్ళిన చోట నీటికి దారి ఏర్పడును.

ఇక గరిక చేలోనికి దిగకుండ చూచుకొనుట. దమ్ముచేసి నీరు నిలుపు వరిమడిలో దాని బెడద తక్కువ. మెట్టచేలలో మాత్రము తొందరపడవలదు. నీరు పొర్లి గట్టు కోసుకొనిపోవు చోటనే నాటుడు. గట్టు అంచును ఏటేట పారతో చెక్కి, తెగిన ముక్కలను ఏరి ఎండలో వేయుడు. తడినేలలో విడిచిన ప్రతి కణుపును మొక్కయగును. గట్టుమీది గరికను ఎత్తుగా పెరుగనీయక కొడవలితో కోసి పశువులకు వేయుడు. పొడవైన గడ్డిలో ఎలుకలు చేరి బొరియలు త్రవ్వును.