నలుపు వేయలేని యంత్రం

ఇంట్లోనే చిన్న సినిమాహాలు ఏర్పాటు చేసుకోవాలనుకునేవారు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: ‘ఈ ప్రొజెక్టర్ ఎన్ని ల్యూమెన్లు?’ వెలుగు ఎంత ఎక్కువుంటే బొమ్మ అంత బాగుంటుందని అందరి నమ్మకం. ఆ పెట్టెలో వెలుగును నడిపించే చిప్ ఎలా పుట్టిందో, దానికి ఏం చేతనవునో, ఏం చేతకాదో తెలిస్తే అడగాల్సిన ప్రశ్న వేరని అర్థమవుతుంది. ప్రొజెక్టర్లలో రకరకాలున్నా, సినిమాహాళ్ళనూ ఇళ్ళనూ కూడా గెలుచుకున్న డీఎల్పీ (డిజిటల్ లైట్ ప్రాసెసింగ్) కథ చూద్దాం.

పదేళ్ళు వంగిన పొర

1977లో అమెరికాలోని డల్లస్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ పని మొదలుపెట్టాడు. సిలికాన్ చిప్ మీద అద్దంలా మెరిసే పలుచని పొర పరిచి, కింది నుంచి వోల్టేజీ ఇచ్చి దాన్ని గుంట పడేలా చేస్తే వెలుగు దారి మళ్ళుతుందన్నది ఆలోచన. వోల్టేజీ కొంచెం పెంచితే కొంచెం వంగాలి, బాగా పెంచితే బాగా వంగాలి. ఆ లెక్క చిప్ అంతటా ఒకేలా కుదరలేదు. ఒకే వోల్టేజీకి ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా వంగేది. అలా పదేళ్ళు గడిచాయి.

1987లో హార్న్‌బెక్ ఆ ‘కొంచెం కొంచెం’ను పూర్తిగా వదిలేశాడు. పొర బదులు విడివిడి అద్దాలు పెట్టాడు. ప్రతి అద్దానికీ రెండే స్థితులు: ఇటు వాలడం, అటు వాలడం. మధ్యలో ఆగడమన్నది లేదు. ఎంత వంగిందన్న బెంగే పోయింది. డిజిటల్ మైక్రోమిర్రర్ పరికరం పుట్టింది ఆ నిర్ణయంలోనే.

అద్దం దగ్గరికి వెళ్ళి చూస్తే

తొలితరం చిప్‌లలో ఒక్కో అద్దం 16 మైక్రాన్ల చదరపు అల్యూమినియం పలక. తల వెంట్రుక మందంలో నాలుగైదు పక్కపక్కన సర్దుకుంటాయి. పలక కింద సన్నని లోహపు కీలు, దాని కింద ఒక మెమరీ గడి ఉంటాయి. గడిలో 1 ఉంటే విద్యుదాకర్షణ వల్ల అద్దం ఒకవైపు, 0 ఉంటే రెండోవైపు వాలుతుంది. వాలేది పది పన్నెండు డిగ్రీలే. లెన్సు వైపు వాలితే వెలుగు తెర మీదికి వెళ్ళి తెల్లచుక్క అవుతుంది. అవతలికి వాలితే వెలుగు పెట్టెలోపలే నల్లటి పలక మీద పడి ఆరిపోతుంది.

మరి రెండే స్థితులతో నటి చెంప మీది నీడ, మునిమాపు ఆకాశం ఎలా వస్తాయి? కాలాన్ని ముక్కలు చేయడం వల్ల వస్తాయి. ఒక ఫ్రేము కనిపించే వ్యవధిలో సగంసేపు అద్దం లెన్సు వైపు ఉంటే కంటికి సగం వెలుగే తోస్తుంది. ఆ వ్యవధిని 1, 2, 4, 8 అంటూ 128 దాకా రెట్టింపయ్యే ఎనిమిది ముక్కలు చేసి, ఏయే ముక్కల్లో అద్దం లెన్సు వైపు ఉండాలో ఎంచుకుంటే 256 స్థాయిల వెలుగు వస్తుంది. అందుకే అద్దాలు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలుతూ ఉంటాయి. కూడబెట్టి బొమ్మగా చూసేది మన కన్ను, మెదడు.

ఇంతలా కదిలే కీలు విరిగిపోదా అన్నది ఇంజినీర్లను వేధించిన ప్రశ్న. పదేపదే వంచితే ఇనుప తీగ తెగుతుంది కదా. కానీ కీలు అత్యంత పలుచనిది కావడంతో మామూలు లోహంలో పగుళ్ళకు దారితీసే అలసట ఇందులో కనిపించలేదు. పరీక్షల్లో లక్ష కోట్ల సార్లకు పైగా వాలినా విరగలేదు. అసలు చిక్కు అంటుకుపోవడంతో వచ్చింది. వాలిన అద్దం కింది పలకకు అతుక్కుంటే తెర మీద ఒక చుక్క శాశ్వతంగా వెలిగో ఆరిపోయో ఉండిపోతుంది. ఆనే చోట చిన్న స్ప్రింగు కొనలు పెట్టి, అణువు మందాన జారుడు పూత వేసి దాన్ని వదిలించారు.

టికెట్టు నుంచి సినిమా దాకా

ఈ చిప్‌కు దొరికిన తొలి ఉద్యోగం విమాన టికెట్లు ముద్రించడం. 1990లో వచ్చిన ఆ ప్రింటరులో 840 అద్దాలు ఒకే వరసలో ఉండేవి. 1996లో ఈ చిప్‌తో నడిచే డీఎల్పీ ప్రొజెక్టర్లు అమ్మకానికి వచ్చాయి. 1999 జూన్‌లో ‘స్టార్ వార్స్: ఎపిసోడ్ 1’ను అమెరికాలో నాలుగు థియేటర్లలో ఫిల్మ్ లేకుండా చూపినప్పుడు వాటిలో రెండింట్లో బొమ్మ వేసింది ఈ అద్దాలే. 2015లో హార్న్‌బెక్‌కు ఆస్కార్ ప్రతిమ దక్కింది.

తెలుగునాట కూడా రీళ్ళ డబ్బాలు బస్సులెక్కి ఊరూరా తిరిగిన రోజులు పోయి, సినిమా ఉపగ్రహం ద్వారానో హార్డ్‌డిస్క్‌లోనో వస్తోంది. నాలుగు ఊళ్ళు తిరిగిన ప్రింటు మీద వాన కురిసినట్టు పడే గీతలు ఇప్పటి పిల్లలకు తెలియవు. ఇవాళ్టి సినిమాహాళ్ళ డిజిటల్ ప్రొజెక్టర్లలో ఎక్కువ భాగం డీఎల్పీవే.

హాల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు చిప్‌లుంటాయి. ఇంటి ప్రొజెక్టర్లలో సాధారణంగా ఒకటే ఉంటుంది. తిరిగే రంగుల చక్రమో, వంతులవారీగా వెలిగే ఎల్‌ఈడీలో ఒక్కో రంగునూ దాని మీదికి పంపుతాయి. కొందరి కళ్ళకు ఆ వంతులు తెలిసిపోయి, తెల్లటి అక్షరాల అంచున ఇంద్రధనుస్సు మెరిసినట్టుంటుంది. కొనేముందు ఒక్కసారైనా నడుస్తుండగా చూడాలనడానికి ఇదొక కారణం. అలాగే 4కే అని రాసి ఉన్న చాలా ఇంటి ప్రొజెక్టర్లలో అద్దాలు 20,73,600 మాత్రమే. బొమ్మను కనిపించనంత వేగంగా నాలుగు చోట్లకు జరిపి 83 లక్షల చుక్కలు చూపిస్తాయి. అది మోసం కాదు, బొమ్మ నిజంగానే పదునుగా ఉంటుంది.

వెలుగు కంటే చీకటి ముఖ్యం

ఇన్ని విద్యలున్న ఈ యంత్రం నలుపును మాత్రం వేయలేదు. అద్దాలన్నీ అవతలికి వాలినా అది చేయగలిగింది వెలుగు పంపకుండా ఉండడమే. అప్పుడు తెర మీద ఉండేది గదిలోని వెలుతురు, దానితోపాటు లెన్సులోంచి కారే కాస్త వెలుగు. అంటే సినిమాలోని అతి నల్లటి నలుపు చాలావరకు మీ గది ఇస్తున్నదే.

లెక్క వేసి చూద్దాం. 100 అంగుళాల తెర వైశాల్యం సుమారు 2.75 చదరపు మీటర్లు. సినిమాహాలు ప్రమాణానికి తగిన వెలుగు రావాలంటే దాని మీద 415 ల్యూమెన్లు పడితే చాలు, అంటే చదరపు మీటరుకు సుమారు 150 ల్యూమెన్లు, దాన్నే 150 లక్స్ అంటారు. చీకటి గదిలో అన్నీ కలిపి తెర మీద 1 లక్స్ మిగిలిందనుకుంటే తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా 150 రెట్లు. ఇప్పుడు ట్యూబ్‌లైటు వేసి తెర మీద 100 లక్స్ పడనిచ్చి, 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ పెట్టండి. తెలుపు దాదాపు 1,190 లక్స్, నలుపు 100 లక్స్. తేడా 12 రెట్లే. ఏడు రెట్ల వెలుగు కొన్నా రాత్రి సన్నివేశం బూడిద రంగులోనే ఉంటుంది. ఎల్‌సీడీ ప్రొజెక్టరైనా ఈ లెక్క మారదు.

కాబట్టి మొదట గది చూసుకోండి. కిటికీలకు వెలుగు చొరని మందపాటి కర్టెన్లు వేయండి. తెర చుట్టుపక్కల గోడలకూ పైకప్పుకూ మెరుపులేని ముదురు రంగు వేయిస్తే, తెర మీది వెలుగు గోడలకు తగిలి తిరిగివచ్చి నలుపును పాడుచేయదు. గదిలో లైట్లు వేసే ఉంచక తప్పదంటే ప్రొజెక్టర్ ఆలోచన మాని పెద్ద టీవీ కొనడమే మేలు.

తర్వాత కొలతలు. 100 అంగుళాల తెర వెడల్పు సుమారు ఏడుంపావు అడుగులు. 10 నుంచి 13 అడుగుల దూరంలో కూర్చుంటే హాల్లో కూర్చున్నట్టుంటుంది. ప్రొజెక్టర్ త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలన్న లెక్క) 1.5 అయితే లెన్సు తెరకు 11 అడుగుల దూరంలో ఉండాలి. గది పొడవు 12 అడుగులైతే పెట్టె, వైర్లు ఎక్కడ పడతాయో ముందే టేపుతో కొలుచుకోవాలి. పక్కన పెట్టి, ఒరిగిపోయిన బొమ్మను ప్రొజెక్టర్‌లోని కీస్టోన్‌తో సరిచేసుకోవచ్చని అంటారు. అలా చేస్తే కొన్ని అద్దాలు బొమ్మకు పనికిరాకుండా పోతాయి. తెరకు ఎదురుగా బిగించడమే సరైన పద్ధతి.

ల్యూమెన్ల సంగతి ఆ తర్వాతే. డబ్బా మీద ఆన్సీ ల్యూమెన్లనో ఐసో ల్యూమెన్లనో ఉంటేనే ఆ అంకెను నమ్మండి. తెరను తొమ్మిది భాగాలు చేసి కొలిచి సగటు తీస్తేనే అలా రాయాలి. ఉత్త ‘9,000 ల్యూమెన్స్’ అన్న మాటకు ఏ కొలతా హామీ కాదు. ధ్వనికి కూడా డబ్బు మిగుల్చుకోండి. మాటలు మోసేది మధ్య స్పీకరు. మొదటిసారికి దాన్నీ, ఎడమ కుడి స్పీకర్లనూ మంచివి తీసుకుంటే చాలు, వెనకవి తర్వాత చేర్చుకోవచ్చు.

ప్రొజెక్టర్ ఎంచుకోకముందే ఒక పరీక్ష చేయండి. మీరు సినిమా చూసే వేళకు గదిలో లైట్లన్నీ ఆర్పి, తలుపులు మూసి, కళ్ళు అలవాటు పడ్డాక తెర రావాల్సిన గోడను చూడండి. గోడ స్పష్టంగా కనిపిస్తుంటే మొదటి ఖర్చు కర్టెన్లకు పెట్టండి.