డ్రమ్ములో విరిగిన ఎరువు

మిరప తోట గట్టున 200 లీటర్ల డ్రమ్ము. బోరు నీళ్లలో 5 కిలోల కాల్షియం నైట్రేట్ పోసి కర్రతో తిప్పితే తేటగా కరిగిపోతుంది. ఒకేసారి పని అయిపోతుందని అందులోనే మరో 5 కిలోల మెగ్నీషియం సల్ఫేట్ వేశామనుకోండి, కాసేపటికే నీళ్లు మజ్జిగలా తెల్లబడతాయి. పాలు విరిగినట్టు మందు విరిగిందంటారు. అడుగున మడ్డి దిగుతుంది, ఎరువు నీళ్లను డ్రిప్ పైపుల్లోకి లాగే వెంచురీ దాన్ని లాగితే డ్రిప్పర్లు పూడుకుపోతాయి.

పదో తరగతిలో లెడ్ నైట్రేట్, పొటాషియం అయోడైడ్ కలిపి పసుపు అవక్షేపం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఉప్పు నీళ్లలో పడితే అయాన్లుగా విడిపోతుంది. డ్రమ్ములో ఇప్పుడు కాల్షియం, నైట్రేట్, మెగ్నీషియం, సల్ఫేట్ తిరుగుతున్నాయి. జతలు మార్చి చూడండి. నైట్రేట్ దేనితో కలిసినా కరుగుతుంది కాబట్టి మెగ్నీషియం నైట్రేట్‌తో బెడద లేదు. సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలూ దాదాపు అంతే. సల్ఫేట్లలో ఎక్కువ భాగం కరిగేవే గానీ కాల్షియం, బేరియం, సీసం దగ్గర మొండికేస్తాయి. కాల్షియం సల్ఫేట్ అంటే వేరుశనగకు వేసే జిప్సమే! ఫాస్ఫేట్లకైతే కాల్షియం అసలే పడదు, అందుకే 12-61-0 అనే ఫాస్ఫేట్ ఎరువును కూడా కాల్షియం నైట్రేట్‌తో కలపకూడదు.

అయితే 'కరగదు' అన్న మాటను అంకెతో కొలవాలి. లీటరు నీటిలో సుమారు 2.4 గ్రాముల జిప్సం కరుగుతుంది. అంటే డ్రమ్ము మొత్తానికి అరకిలో. మనం వేసిన ఎరువులతో తయారయ్యేదేమో దాదాపు మూడున్నర కిలోలు. మిగిలిన 3 కిలోలూ మడ్డే. పూడుకున్న పైపుల్లో యాసిడ్ పంపితే కార్బొనేట్ గార వదులుతుంది, జిప్సం లొంగదు. ముందే ఒక గాజు సీసాలో, అదే బోరు నీళ్లతో, అదే పాళ్లలో కలిపి అరగంట చూస్తే చాలు. మబ్బు పట్టిందా, రెండింటినీ వేర్వేరుగా ఇవ్వాలి. మధ్యలో ఉత్త నీళ్లతో పైపులు కడగాలి.

ఎంత కరుగుతుందన్న ఈ లెక్క కనిగిరి వైపు తాగునీటి ద్వారా మనుషుల ఎముకల దాకా వచ్చింది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ 1937లోనే వైద్య పత్రికకెక్కింది. కాల్షియం ఫ్లోరైడ్ కరగదని పాఠం చెబుతుంది. మరి సున్నం వేస్తే నీళ్లలో ఫ్లోరైడ్ పోవాలి కదా? పోదు. కాల్షియం ఫ్లోరైడ్ లీటరుకు సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది, అందులో ఫ్లోరైడ్ దాదాపు 8. తాగునీటికి హద్దు 1.5. సున్నం ఇంకా గుమ్మరిస్తే మరికొంత దిగుతుందేమో గానీ ఆ నీళ్లు నోట పెట్టలేం. అందుకే నల్గొండ పద్ధతిలో సున్నంతో పాటు పటిక కలుపుతారు. పటికలోని అల్యూమినియం మెత్తని హైడ్రాక్సైడ్ తునకలుగా పేరుకుని, ఫ్లోరైడ్‌ను అంటించుకుని, మెల్లగా బిందె అడుగుకు దిగుతుంది.