వాచిన చేతిమీద మానని మచ్చ

రొమ్ము కేన్సర్‌కు ఆపరేషనై పదేళ్లు దాటింది. జబ్బు తిరగబెట్టలేదు. మిగిలిందల్లా ఆ వైపు చేతి వాపే. జాకెట్టు చెయ్యి ఒకటి వదులుగా కుట్టించుకోవడమూ, గాజులు రెండో చేతికే వేసుకోవడమూ అలవాటైపోయాయి. ఇంతలో ఆ చేతిమీద ఊదారంగు మచ్చ ఒకటి కనిపిస్తుంది. తలుపు తగిలి కమిలిందేమో అనుకుంటే ఎవరూ తప్పుపట్టలేరు.

ఈ మచ్చ అసలు సంగతి 1948లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఫ్రెడ్ స్టీవర్ట్, నార్మన్ ట్రీవ్స్ బయటపెట్టారు. వాచిన చేతుల్లో కేన్సర్ పుట్టిన 6 కేసులను వర్ణించారు. పాత కేన్సర్ పాకి వచ్చింది కాదది. నాళాల లోపలి పొర కణాల్లోంచి కొత్తగా పుట్టిన యాంజియోసార్కోమా. నేటికీ దాన్ని వాళ్ల పేర్లతోనే పిలుస్తారు.

వాపులోంచి కేన్సర్ ఎలా వస్తుంది? రక్తనాళాల నుంచి ఊరిన నీటిలో కొంత భాగాన్ని లింఫ్ నాళాలు మళ్లీ రక్తంలోకి చేరుస్తాయి. చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినా, రేడియేషన్‌కు దెబ్బతిన్నా ఆ దారి మూసుకుపోతుంది. పంటకాలువ పూడితే చేలో నీరు నిలిచినట్టు మాంసకృత్తులున్న ద్రవం చేతిలోనే నిలుస్తుంది, చర్మం మందమవుతుంది. రోగనిరోధక కణాలు తిరిగేదీ ఆ దారినే. కాబట్టి ఆ చేతికి కాపలా పలచబడుతుందనీ, దారితప్పిన కణాలు పట్టుబడవనీ నిపుణుల వివరణ.

ఇది చదివి వాపున్నవాళ్లంతా హడలిపోనక్కర్లేదు. పాతకాలపు పెద్ద ఆపరేషన్ల తర్వాత అయిదేళ్లు దాటినవాళ్లలో కూడా ఇది అర శాతం లోపే. మన గోదావరి జిల్లాల్లో బోదకాలుతో తరాలు గడిచాయి. ఆ కాళ్లలో ఈ కేన్సర్ బహు అరుదు. అయితే ఏళ్ల తరబడి మానని పుండు మాత్రం వేరే రకం చర్మ కేన్సర్‌గా మారవచ్చు.

దెబ్బకు కమిలిన మచ్చ రెండు మూడు వారాల్లో పచ్చబడి మాయమవుతుంది. మాయం కాకుండా విస్తరించినా, పక్కన చిన్న బుడిపెలు లేచినా, రక్తం చెమర్చినా ముక్క పరీక్ష చేయించాలి. కత్తి తగిలితే కేన్సర్ పాకుతుందన్న భయం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ భయానికి ఆధారం లేదు. దానివల్ల పోయే కాలమే ప్రమాదం. ఈ జబ్బు ఊపిరితిత్తులకు త్వరగా చేరుతుంది. చిన్నగా ఉన్నప్పుడైతే చుట్టూ వెడల్పుగా కోసి తీయడానికి వీలుండవచ్చు. ఆలస్యమైతే చెయ్యే తీసేయాల్సి రావచ్చు, అప్పటికీ ఫలితం చెప్పలేం. పాక్లిటాక్సెల్ లాంటి మందులు కొంతకాలం అదుపు చేస్తాయి.

చర్మవైద్యుడి దగ్గరికి వెళ్తే మచ్చ ఒక్కటే చూపించి ఊరుకోకండి. ఆపరేషన్ ఏ సంవత్సరంలో అయింది, రేడియేషన్ ఇచ్చారా, వాపు ఎన్నేళ్లుగా ఉంది, ఆయన అడగకపోయినా చెప్పండి.