ఎర్రమంజిల్

అమీర్‌పేట నుండి పంజగుట్ట మీదుగా ఖైరతాబాదుకు పోయే దారిలో మిట్టమీద నిలిచిన పెద్ద మేడను జనులు ఎర్రమంజిల్ అంటారు. నిజాము కొలువులోని నవాబు ఫక్రుల్ ముల్కు దీనిని కట్టించాడు. తీరు ఐరోపాది, కమానులపై, గోడలపై గచ్చుతో తీర్చిన నగిషీ దీనికి సొగసు.

పారసీకమున ‘ఇరం’ అనగా స్వర్గతుల్యమైన వనము. ఎర్రని గుట్టను తలచి తెలుగువారు దానినే ‘ఎర్ర’ అన్నారు. రెండు భాషలవారికీ నోటికి పట్టాలనే నవాబు ఆ పేరు ఎంచుకున్నాడని ప్రతీతి.

2019లో శాసనసభా భవనము కొరకు దీనిని పడగొట్టవలెనని ప్రభుత్వము నిశ్చయించగా ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. తీర్పు గునపమును ఆపగలదు, వానను ఆపలేదు. గచ్చు రాలకుండ నిలువవలెనన్న ఏటేట సున్నమూ, పనితెలిసిన చేయీ కావలెను.