బ్రేకు పట్టిందా, లేదా?

మా చెల్లెలి కొడుకు నెల్లూరులో ఒక డాక్టరు గారి దగ్గర కారు డ్రైవరు. పోయిన సంక్రాంతికి ఆయన కారు ఇచ్చి, "మీ వాళ్లను సముద్రానికి తీసుకుపోయి రా" అన్నారట. నలుగురం బయలుదేరాం. నేను, మా చెల్లెలు, పక్కింటి వదిన, మా పొదుపు సంఘంలోని ఒక అమ్మాయి. ఆ అమ్మాయి బ్యాటరీ ఆటో నడపడం నేర్చుకుంటోంది.

నెల్లూరు నుంచి మైపాడుకు సుమారు 25 కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటాక గేదెలు అడ్డం వచ్చాయి. అబ్బాయి బ్రేకు తొక్కాడు. కారు మెత్తగా నెమ్మదించింది. ఇంకొక బారెడు దూరంలో ఆగుతుందనగా, ఎవరో కొంగు పట్టుకొని వదిలినట్లు చిన్న కుదుపు వచ్చింది. తర్వాత ఆగింది.

"ఏంది అబ్బయ్యా, బ్రేకు పట్టిందా, లేదా?" అని వదిన అడిగింది.

"పట్టింది అత్తా. ఈ కారు ఇట్టాగే ఉంటుంది" అన్నాడు వాడు.

ఇట్టాగే ఉంటుంది అంటే సరిపోతుందా? బండిలో ఉన్నది మనుషులు. ఎందుకు అట్టా ఉంటుందో చెప్పమని పట్టుబట్టాం. దారి పక్కన కారు ఆపి చెప్పాడు.

అది హైబ్రిడ్ కారు. హైబ్రిడ్ విత్తనం మనకు తెలుసు. రెండు రకాలను కలిపి తయారు చేస్తారు. ఈ కారులో కూడా రెండు కలిశాయి. ఒకటి పెట్రోలు ఇంజను. రెండోది కరెంటు మోటారు. మోటారుకు కరెంటు ఇవ్వడానికి బ్యాటరీ ఉంటుంది. ఇటువంటి కారును జపాను దేశంలో టయోటా కంపెనీ 1997లో అమ్మడం మొదలుపెట్టింది. దాని పేరు ప్రియస్. మన దేశంలో 2022 తర్వాత ఇవి బాగా కనబడుతున్నాయి. గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ వంటి కార్లలో ఈ రకం దొరుకుతుంది.

ఆ బ్యాటరీకి ఇంట్లో ప్లగ్గు పెట్టి కరెంటు ఎక్కించే పని లేదు. మరి కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది? కొంత ఇంజను ఇస్తుంది. కొంత బ్రేకు ఇస్తుంది!

బ్రేకు కరెంటు ఇవ్వడమేమిటి అని మేమూ నవ్వాం. అప్పుడు వాడు సైకిలు డైనమోను గుర్తు చేశాడు.

పాత సైకిళ్లకు చక్రం పక్కన చిన్న బుడ్డిలాగా డైనమో ఉండేది. చీకటి పడితే దాన్ని టైరుకు ఆనించేవాళ్లం. టైరు తిరిగితే అదీ తిరిగేది. దీపం వెలిగేది. మీరు సైకిలు తొక్కి ఉంటే ఇంకొక సంగతి కూడా తెలుసు. డైనమో ఆనించగానే పెడలు బరువెక్కేది. అంటే డైనమో దీపానికి కరెంటు ఇస్తూనే, చక్రాన్ని కొంచెం పట్టి ఉంచుతుంది. ఊరికే ఏదీ రాదు కదా!

హైబ్రిడ్ కారులో మోటారే డైనమో అవుతుంది. డ్రైవరు బ్రేకు తొక్కగానే చక్రాలు మోటారును తిప్పుతాయి. కరెంటు పుట్టి బ్యాటరీలోకి పోతుంది. చక్రాల వేగం తగ్గుతుంది. మామూలు కారులో అయితే ఇనుప పళ్లేన్ని బ్రేకు ప్యాడ్లు రెండు వైపులా నొక్కుతాయి. రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మనం డబ్బు పోసి కొన్న పెట్రోలు శక్తే అట్టా పోతుంది. నెల్లూరు స్టేషనులో ఆగే వందేభారత్ రైలు కూడా బ్రేకు వేసినప్పుడు ఇట్టాగే కరెంటు పుట్టించి, పై తీగలోకి తిరిగి పంపుతుంది.

మరి ఆ కుదుపు ఎందుకు?

మళ్లీ సైకిలు దగ్గరకే పోదాం. వేగంగా తొక్కితే దీపం బాగా వెలిగేది. నెమ్మదిస్తే మసకబారేది. ఆగితే ఆరిపోయేది. చక్రం నెమ్మదిగా తిరిగితే డైనమోలో కరెంటు తక్కువగా పుడుతుంది. మోటారు సంగతి కూడా అంతే. వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్ల లోపుకు వచ్చేసరికి మోటారు పట్టు సడలిపోతుంది. ఇది బండిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అక్కడి నుంచి మామూలు బ్రేకే కారును ఆపాలి. అందుకే ఈ కార్లలో మామూలు బ్రేకు కూడా ఉంటుంది.

ఒకరి నెత్తి మీది చేపల గంపను ఇంకొకరి నెత్తి మీదికి ఎత్తేటప్పుడు చూడండి. ఇద్దరూ ఎంత జాగ్రత్తగా పట్టుకున్నా గంప ఒకసారి ఊగుతుంది. మోటారు నుంచి మామూలు బ్రేకుకు పని మారేటప్పుడు వచ్చే కుదుపు కూడా అటువంటిదే. ఈ మార్పిడిని కారులోని కంప్యూటరు చూసుకుంటుంది. కొన్ని కార్లలో అది తెలియనంత మెత్తగా జరుగుతుంది. కొన్నిటిలో తెలుస్తుంది.

ఈ మార్పిడి ఒకసారి పెద్ద గొడవ తెచ్చింది. ప్రియస్ కారు గతుకుల మీద, జారే రోడ్డు మీద నెమ్మదిగా పోయేటప్పుడు, ఒక్క క్షణం బ్రేకు వదిలినట్లు ఉంటోందని జపానులో, అమెరికాలో డ్రైవర్లు ఫిర్యాదు చేశారు. 2010 ఫిబ్రవరిలో కంపెనీ నాలుగు లక్షలకు పైగా హైబ్రిడ్ కార్లను వెనక్కి పిలిచింది. బ్రేకును నడిపే కంప్యూటరు లెక్కను సరిచేసి ఇచ్చింది. డ్రైవర్లు తమకు తెలిసింది నోరు విప్పి చెప్పారు. "నాకే అట్టా అనిపించిందేమో" అని ఊరుకోలేదు.

మైపాడు దగ్గర గాలికి ఇసుక తారు రోడ్డు మీదికి వస్తుంది. ఇసుక మీద ఏ బండి అయినా జారుతుంది. మా ఆటో అమ్మాయి అక్కడే అడిగింది. "అన్నా, అట్టా వదిలినట్లు అనిపిస్తే నేనేం చెయ్యాల?"

"కాలు తియ్యబాక. ఇంకొంచెం గట్టిగా తొక్కు. ముందు బండికి దూరంగా ఉండు" అన్నాడు.

కుదుపు వేరు, జబ్బు వేరు. బ్రేకు తొక్కితే కాలు కింద దాకా దిగిపోతున్నా, బండి ఒక పక్కకు లాగుతున్నా, ఎదురుగా ఎర్ర దీపం ఆరకుండా వెలుగుతున్నా అది జబ్బే. ఆ బండిని నడపకూడదు. మెకానిక్కుకు చూపించాలి.

ఇంకొక సంగతి వదిన వల్ల తెలిసింది. సముద్రం దగ్గర కారు ఆగింది. చప్పుడు లేదు. ఇంజను ఆపేశాడనుకొని వదిన తలుపు తీసి కాలు కింద పెట్టింది. అబ్బాయి "అత్తా, ఆగు!" అని అరిచాడు. బండి ఇంకా గేరులోనే ఉంది. వాడు బ్రేకు మీద నుంచి కాలు తీస్తే, చప్పుడు లేకుండా మోటారు కారును ముందుకు కదిలిస్తుంది. పాత కారు అయితే గురగురమని చెబుతుంది. ఇది చెప్పదు. డ్రైవరు "దిగండి" అన్నాకే దిగాలి. పిల్లలు ఉంటే మరీను.

ఆ రాత్రి మైపాడులో చుట్టాలింట్లో పడుకున్నాం. కారు రాత్రంతా ఉప్పు గాలిలో ఉంది. తెల్లారి కదిలించగానే చక్రాల దగ్గర గరగరమని చప్పుడు. మళ్లీ ఏమైందో అని భయపడ్డాం. బ్రేకు పళ్లేల మీద తుప్పు పట్టిందట. మామూలు కారులో ప్యాడ్లు రుద్దీ రుద్దీ ఆ తుప్పు పోతుంది. ఈ కారులో ఎక్కువ పని మోటారే చేస్తుంది కాబట్టి పళ్లేలకు రాపిడి తక్కువ. అందుకే సముద్రం ఒడ్డున ఉండే వాళ్లు వీటి బ్రేకులను తరచుగా విప్పి చూపించుకోవాలి. ప్యాడ్లు అరగలేదు కదా అని వదిలేస్తే తుప్పు తినేస్తుంది.

అబ్బాయి ఖాళీ రోడ్డు మీద నాలుగైదుసార్లు బ్రేకు వేశాడు. చప్పుడు పోయింది. ఇందుకూరుపేట దగ్గర మళ్లీ గేదెలు అడ్డం వచ్చాయి. కారు నెమ్మదించింది. చివర్లో అదే చిన్న కుదుపు.

"గంప మార్చుకున్నారు" అంది వదిన.