వేళ్లు కొడతాయి.. ముంజేయి మోస్తుంది!

'ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్.. సెమికోలన్ ఎల్‌కేజేహెచ్‌జే'! పదో తరగతి సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కిన వాళ్లెవరూ ఈ మంత్రాన్ని మర్చిపోలేరు. అక్షరం తప్పు కొడితే మాస్టారు ఊరుకునేవారేమోగానీ, మణికట్టు మిషన్ అంచుకి ఆనిస్తే మాత్రం స్కేలుతో ఒక్కటిచ్చేవారు. ఎందుకో అప్పుడు ఎవరికీ అర్థంకాలేదు. రోజుకి ఎనిమిది గంటలు కీబోర్డు ముందు కూర్చుని, సాయంత్రానికి ముంజేయి కొయ్యలా బిగుసుకుపోయి, కాఫీ గ్లాసు చేతిలోంచి జారుతుంటే ఆ స్కేలు దెబ్బ విలువ తెలుస్తోంది.

ప్రింటింగ్ ప్రెస్సుల్లో డీటీపీ ఆపరేటర్లు, కోర్టుల ముందు దస్తావేజులు కొట్టే జాబ్‌వర్క్ టైపిస్టులు, మీసేవ కేంద్రాల్లో పనిచేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మాలాంటి పత్రికల వాళ్లు.. అందరిదీ ఇదే కథ. కాకపోతే నెల జీతం వాళ్లు పది నిమిషాలు లేచి తిరగొచ్చు. పేజీకి ఇంతని తీసుకునేవాళ్లకి చెయ్యి ఆగితే డబ్బూ ఆగుతుంది. అందుకే నొప్పిని బయటికి చెప్పరు. జండూబామ్ రాసుకుని, చేతికి గుడ్డ కట్టుకుని, మళ్లీ కూర్చుంటారు. అలా నెలలు గడిచాక డాక్టరు దగ్గరికి వెళితే అప్పటికి చిన్న సమస్య కాస్తా పెద్దదై ఉంటుంది.

కండరం ఇక్కడ.. కదలిక అక్కడ

ఒక చిన్న పరీక్ష. కుడి ముంజేతిని బల్లమీద పెట్టి, మోచేతికి కాస్త కిందుగా ఎడమ అరచేయి ఆనించండి. ఇప్పుడు కుడిచేతి వేళ్లతో బల్లమీద దరువెయ్యండి. ఆడుతున్నవి వేళ్లేగానీ, అరచేతి కింద కదులుతున్నది ముంజేయి కదూ! వేళ్లలో వాటిని కదిలించే కండరాలుండవు. అరచేతిలో ఉన్నవి చిన్నవి. అసలు బలమంతా ముంజేతిలోనే. అక్కణ్నుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు మీదుగా వేళ్ల దాకా వెళతాయి. బావిలో చేద పైకి వస్తున్నా, లాగే చెయ్యి గట్టుమీదే ఉంటుంది కదా. ఇదీ అంతే. మణికట్టు ఇక్కడ గిలక. గిలక తిన్నగా ఉంటే తాడు సాఫీగా జారుతుంది. మణికట్టు పైకో పక్కకో వంగితే తాడు ఒరుసుకుంటూ వెళుతుంది.

ఇంకో విషయం. అక్షరం నొక్కే శ్రమ కంటే, మిగతా వేళ్లని కీబోర్డుకి తగలకుండా గాల్లో ఎత్తి పట్టుకునే శ్రమే ఎక్కువ అలసట తెస్తుంది. ఈ పని చేసే కండరాలు ముంజేతి పైభాగంలో ఉంటాయి. మోచేతి బయటివైపు బుడిపె దగ్గర మొదలవుతాయి. కండరం బిగిసి వదిలితే దానికి రక్తం బాగా అందుతుంది. బిగించి అలాగే ఉంచేస్తే అందదు. గంటలకొద్దీ వేళ్లు ఎత్తి పెట్టడమంటే ఖాళీ సంచీని రోజంతా చెయ్యి చాచి పట్టుకోవడమే. బరువు లేదు కదా అనుకుంటాం, చెయ్యి మాత్రం పడిపోతుంది.

లెక్కా చిన్నదేం కాదు. టైపు పరీక్షలో లోయర్ అంటే నిమిషానికి 30 పదాలు. పదానికి అయిదు అక్షరాల చొప్పున నిమిషానికి 150 సార్లు, గంటకి 9 వేల సార్లు కీ నొక్కాలి. రోజుకి ఆరు గంటలు ఆగకుండా కొడితే 54 వేలు! హయ్యర్ వాళ్ల వేగం 45 పదాలు. లెక్క మీరే వేసుకోండి.

మన భాషలో కొట్టేవాళ్లకి అదనపు బరువు కూడా ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరుసార్లు నొక్కాలి. ఖ, ఘ, ఛ, ధ, భ.. ఏ ఒత్తు అక్షరం కావాలన్నా షిఫ్ట్ పట్టుకోవాల్సిందే. ఆ పని చిటికెన వేలిది. అన్నిట్లో చిన్నదానికే పెద్ద చాకిరీ! షిఫ్ట్ ఒక చేత్తో, అక్షరం రెండో చేత్తో కొడితే మణికట్టు పక్కకి తిరగదు. రెండూ ఒకే చేత్తో కొట్టే అలవాటున్నవాళ్లు ముందు దాన్ని మానుకోవాలి.

ఇది కంప్యూటర్ తెచ్చిన జబ్బేమీ కాదు. వృత్తివల్ల వచ్చే రోగాలమీద పుస్తకం రాసిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1713 నాటి రెండో కూర్పులో రాతగాళ్ల రోగాల గురించి చెప్పాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున ఆడటం, తప్పు రాకూడదన్న మనసు బరువు.. ఆయన చూపిన కారణాలివే. మూడొందల ఏళ్లు గడిచాయి, ఈకకలం పోయి కీబోర్డొచ్చింది. కారణాల్లో ఒక్కటీ మారలేదు!

పాత టైపు మిషన్ మీద కీ నొక్కడానికి బలం ఎక్కువే కావాలి. కానీ లైను చివర గంట మోగితే క్యారేజీ తొయ్యాలి. పేజీ అయితే కాగితం మార్చాలి, కార్బన్ సర్దాలి. ఆ వంకతో వేళ్లకి విశ్రాంతి దొరికేది. కంప్యూటర్‌కి గంటా లేదు, కాగితమూ అయిపోదు.

కుర్చీ కింద పీట

మామూలు రాత బల్ల సుమారు 30 అంగుళాల ఎత్తుంటుంది. కలంతో రాయడానికి బాగానే ఉంటుందిగానీ, టైపుకి చాలామందికి ఎత్తెక్కువ. అయిదడుగుల రెండంగుళాల మనిషి దానిముందు కూర్చుంటే భుజాలు చెవుల దగ్గరికి వెళతాయి, మణికట్టు పైకి వంగుతుంది. బల్లని కోయలేం కాబట్టి కుర్చీని ఎత్తాలి. అప్పుడు కాళ్లు నేలకి అందకపోతే కింద పీటో పాత పేపర్ల కట్టో వేసుకోవాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా, ఇంచుమించు ఎల్ ఆకారంలో, కీబోర్డంత ఎత్తులో ఉంటే చాలు.

కీబోర్డు వెనక చిన్న కాళ్లుంటాయి చూశారూ.. చాలామంది వాటిని లేపి పెడతారు. మడిచెయ్యండి. అవి లేస్తే మణికట్టు ఇంకా వంగుతుంది. మౌస్ కీబోర్డుకి ఆనుకునే ఉండాలి. మణికట్టు దిండు టైపు ఆపినప్పుడు చెయ్యి ఆనించడానికే, కొడుతున్నప్పుడు కాదు. మాస్టారి స్కేలు చెప్పిందీ అదే! 2020 లాక్‌డౌన్‌లో మంచమ్మీదికి చేరిన ల్యాప్‌టాప్ చాలా ఇళ్లలో ఇంకా అక్కడే ఉంది. తెర కంటికి సరిపోతే కీబోర్డు చేతికి అందదు, కీబోర్డు సరిపోతే మెడ వంగుతుంది. ల్యాప్‌టాప్‌ని నాలుగు లావు పుస్తకాలమీద పెట్టి, విడిగా ఒక కీబోర్డు తగిలించుకోవడమే మార్గం.

అన్నిటికంటే ముఖ్యం, ఖర్చులేనిది.. మెల్లగా నొక్కడం. అర్జంటు పని ఉన్నప్పుడు కీబోర్డు చప్పుడు గది బయటికి వినిపిస్తుంది. కోపం బాసు మీద, దెబ్బ కీబోర్డు మీద, నొప్పి మనకి.

బిగిసింది వదలాలంటే..

అరగంటకోసారి అరనిమిషం చేతులు ఒళ్లో వదిలేయండి. గంటకోసారి లేవండి. చెయ్యి తిన్నగా ముందుకి చాచి, అరచేయి నేలవైపు ఉంచి, రెండో చేత్తో వేళ్లని కిందికి, మీవైపు మెల్లగా లాగండి. మోచేయి వంచొద్దు. ముంజేతి పైభాగం సాగుతున్నట్టు తెలియాలి. ఇరవై సెకన్లు. తర్వాత అరచేయి పైకి తిప్పి, వేళ్లని కిందికి లాగితే లోపలివైపు సాగుతుంది. హాయిగా ఉండాలేగానీ నొప్పి పుట్టకూడదు. తిమ్మిరొస్తే వెంటనే ఆపేయాలి.

ఇంటికొచ్చాక వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు పది నిమిషాలు చుట్టండి. గోరువెచ్చని నువ్వులనూనె రాసి, మణికట్టు నుంచి మోచేతి వైపుకి బొటనవేలితో ఒత్తుకుంటూ రండి. గట్టిగా తగిలిన ముడి దగ్గర కాసేపు ఆగండి, నలిపేయొద్దు. ఎముక మీద, మోచేతి లోపలి గాడిలో అస్సలు ఒత్తకూడదు. అక్కడ నరం ఉంటుంది. పిల్లల టెన్నిస్ బంతిని బల్లమీద పెట్టి దానిమీద ముంజేతిని దొర్లించినా పనవుతుంది.

నొప్పి తగ్గుముఖం పట్టాక కండరానికి బలం కావాలి. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా మణికట్టుని అంచు బయటికి వదిలి, అరలీటరు నీళ్ల సీసా పట్టుకోండి. రెండో చేతి సాయంతో పైకి లేపి, అయిదంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించండి. పదిసార్లు చాలు. ఫలితం వారాల మీద గానీ తెలియదు. ఇక్కడే చాలామంది మూడో రోజుకి మానేస్తారు.

ఆడవాళ్ల విషయంలో డాక్టర్లు కూడా ఒక్కోసారి అడగని ప్రశ్న ఒకటుంది.. ఇంటికెళ్లాక ఏం చేస్తారని! తడి దుప్పటి పిండటం, చపాతీలు ఒత్తడం, నిండు బిందె ఎత్తడం.. అన్నీ ఈ కండరాల పనే. ఆఫీసులో అలిసిన చేతికి ఇంట్లో రెండో షిఫ్టు మొదలవుతుంది. నొప్పి ఉన్నన్నాళ్లూ బట్టలు పిండే పని ఇంట్లో ఇంకొకరు తీసుకుంటే అది ఏ మందుకీ తీసిపోదు. మగవాళ్లకి ట్రాఫిక్‌లో గంటసేపు బైకు క్లచ్ నొక్కడం ఇలాంటిదే.

బిగుతు వేరు, నరం వేరు

చెయ్యి నొప్పనగానే 'కార్పల్ టనెల్' అని భయపడేవాళ్లు ఎక్కువయ్యారు. మణికట్టు దగ్గరి ఇరుకు దారిలోంచి తొమ్మిది స్నాయువులతో పాటు ఒక నరం వెళుతుంది. అది నలిగితే వచ్చేది ఆ జబ్బు. టైపు చేసేవాళ్లందరికీ రాదు. మధుమేహం, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లలో తిమ్మిరి ఉండి, రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటున్నారంటే నూనె, బంతి పక్కనపెట్టి ఎముకల డాక్టరుని కలవాలి. చిటికెన వేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గరి నరాన్ని చూడాలి. బల్లమీద మోచెయ్యి ఆనించి కూర్చునే అలవాటు ఉందేమో గమనించుకోండి. పట్టు తగ్గినా, వస్తువులు జారిపోతున్నా, వాపు ఉన్నా, మెడ నుంచి నొప్పి దిగుతున్నా, రెండు మూడు వారాల జాగ్రత్తతో తగ్గకపోయినా ఆలస్యం వద్దు. చెయ్యి విరిచి, మెలిపెట్టి సరిచేస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు పనిచేసే చోటు ఫొటో ఒకటి, పక్కనుంచి తీయించుకుని తీసుకెళ్లండి. కూర్చున్న తీరు, బల్ల ఎత్తు, మౌస్ ఉన్న దూరం.. మాటల్లో చెప్పలేనివన్నీ అందులో కనిపిస్తాయి.