జఠర క్యాన్సర్ వ్యాప్తిలో కణ సంకేత ప్రోటీన్ల పాత్ర

జఠర కణాలను పరస్పరం పట్టి ఉంచే ప్రోటీన్ ఈ-క్యాడ్హెరిన్. దాని జన్యువైన సీడీహెచ్1లోని లోపమే ఒక మావోరి కుటుంబంలో తరతరాల జఠర క్యాన్సర్‌కు కారణమని 1998లో న్యూజిలాండ్ పరిశోధకులు నిరూపించారు. పట్టు సడలిన కణం పొరుగు కణజాలంలోకి చొచ్చుకుపోతుంది. కణ ఉపరితలంపై హెర్2 గ్రాహకాలు మితిమీరితే విభజన, వలస సంకేతాలు ఆగవు. ముదిరిన దశలోని ఇటువంటి రోగులకు కీమోథెరపీతో పాటు ట్రాస్టుజుమాబ్ ఇవ్వగా మధ్యస్థ జీవితకాలం 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగిందని 2010లో వెలువడిన టోగా అధ్యయనం తెలిపింది. లాభం స్వల్పమే. అయితే జగిత్యాల జిల్లా సారంగాపూర్ నుంచి వచ్చిన రోగికైనా ఆ నెలలు దక్కాలంటే ముందు హెర్2 పరీక్ష జరగాలి. హెర్2 కణితి అంతటా సమంగా ఉండదు కనుక, ఎండోస్కోపీలో ఒక్క ముక్కతో సరిపెట్టక, పలుచోట్ల నుంచి కనీసం ఆరు ముక్కలు సేకరించాలి.